చెలియలికట్ట చరిత్ర: ఆంధ్రతీరపు కోతలు, మేటలు, వాటి లెక్కలు

సముద్రపు ఒడ్డునకు మన భాషలో చెలియలికట్ట యను చక్కని పేరు కలదు. సముద్రుడు ఎంత పొంగినను ఆ కట్టను దాటడని పెద్దల నమ్మకము. పొలమునకు గట్టు, ఊరికి పొలిమేర ఎట్టివో సముద్రమునకు చెలియలికట్ట అట్టిదని వారు తలచిరి. కాని తీరగ్రామముల చరిత్రను కొంచెము శ్రద్ధతో పరిశీలించినచో ఈ కట్ట ఏనాడును ఒకచోట నిలిచి యుండలేదని తేటపడును. ఒకప్పుడు ఓడలు లంగరు వేసిన రేవులు నేడు వరిచేల నడుమ నున్నవి. ఒకప్పుడు ఇండ్లు, గుడులు, తోటలు ఉన్నచోట నేడు కెరటములు పొరలుచున్నవి.

గ్రంథాలయ రజతోత్సవ సంచికలలో రాజుల చరిత్ర, కవుల చరిత్ర, ఊరి ప్రముఖుల చరిత్ర ప్రకటించుట పరిపాటి. ఊరు నిలిచిన నేలకును ఒక చరిత్ర కలదు. ఆ నేల పోయిన నాడు ఊరు లేదు; ఊరు పోయిన నాడు గ్రంథాలయమును లేదు. కావున సుమారు వేయి కిలోమీటర్ల పొడవు గల ఆంధ్రతీరము ఎట్లు ముందునకు వచ్చినది, ఎచ్చట ఎందులకు వెనుకకు పోవుచున్నది, రాబోవు మార్పును లెక్కకట్టుటకు శాస్త్రజ్ఞులు ఏ మార్గములను కనుగొనిరి అను మూడు విషయములను పాఠక మహాశయులకు ఇందు మనవి చేయుచున్నాను.

నదులు కట్టిన నేల

కృష్ణా గోదావరుల నడుమ నున్న కొల్లేరు నేడు సముద్రమునకు సుమారు 35 కిలోమీటర్ల లోపల నున్నది. అది మంచినీటి సరస్సు. కాని సుమారు ఆరువేల సంవత్సరములకు పూర్వము సముద్రతీరము ఆ ప్రాంతముననే ఉండెడిదని భూగర్భ శాస్త్రజ్ఞులు నిర్ణయించిరి. ఇందులకు వారు చూపు ఆధారములు మన కాళ్ళ క్రిందనే యున్నవి. డెల్టాలో పల్లపు వరిపొలముల నడుమ పొడవుగా సాగిపోవు ఇసుక మెరకలు అనేకము కలవు. అవి ఒకదాని వెనుక నొకటిగా, ఇంచుమించు నేటి తీరమునకు సమాంతరముగా నుండును. ప్రతి మెరకయు ఒక కాలపు సముద్రపు టొడ్డు. నది ఒండ్రును తెచ్చి మొగవద్ద పోయగా, కెరటములు దానిని వడగట్టి ఇసుకను తిన్నెగా పేర్చెను. మరల కొంతకాలమునకు దాని ముందు ఇంకొక తిన్నె లేచెను. ఈ మెరకలలో దొరకు గుల్లల వయస్సును కర్బన పరీక్షవలన నిర్ణయించి ఏ కాలమున తీరము ఎచ్చట నుండెనో చెప్పుచున్నారు.

డెల్టా గ్రామములలో అనేకము ఈ మెరకలమీదనే వెలసినవి. వరదనీరు ఎక్కకుండుట, ఇసుకలో తవ్విన నూతిలో తీయని నీరు దొరకుట ఇందులకు ముఖ్య కారణములు. మన పూర్వులు శాస్త్రము చదువకున్నను నేల గుణమును ఎరిగి ఊళ్ళు కట్టుకొనిరి.

ఆరువేల సంవత్సరములలో 35 కిలోమీటర్లనగా, సగటున ఏడాదికి సుమారు 6 మీటర్ల చొప్పున నేల సముద్రములోనికి చొచ్చుకొని పోయినదన్నమాట. ఈ అంకెను పాఠకులు జ్ఞప్తియందుంచుకొనవలయును. దీనితో మరల పని కలదు.

చారిత్రక యుగమున కూడ ఈ మార్పునకు సాక్ష్యములు కలవు. క్రీస్తుశకము రెండవ శతాబ్దమున గ్రీకు భూగోళ శాస్త్రజ్ఞుడు టాలెమీ కృష్ణా ముఖద్వార ప్రాంతమును మైసోలియా యని పేర్కొని, అందు కంటకోస్సిల యను వర్తక స్థానమును చెప్పెను. నాగార్జునకొండ శాసనములో కంటకసేల యని కనబడు ఊరును ఇదియే. అదియే నేటి ఘంటసాల. అచ్చటి బౌద్ధస్తూపమును, రోమను నాణెములను చూచినవారికి ఆ ఊరి పూర్వవైభవము తెలియును. కాని నేడు ఘంటసాలలో నిలిచినవానికి సముద్రపు హోరు వినబడదు. నది తెచ్చిన ఒండ్రు రేవునకును సముద్రమునకును నడుమ అడ్డు నిలిచినది.

1244లో కాకతీయ గణపతిదేవ చక్రవర్తి మోటుపల్లి రేవున అభయ శాసనమును వేయించెను. తుఫానులకు చిక్కి ఒడ్డునకు కొట్టుకొనివచ్చిన ఓడలలోని సరకును పూర్వపు రాజులు అపహరించెడివారనియు, తాము అట్లు చేయక న్యాయమైన సుంకము మాత్రమే గ్రహింతుమనియు ఆ శాసనమున ప్రకటించెను. అటుతరువాత కొన్ని దశాబ్దములకు మార్కోపోలో ఈ రేవును ప్రస్తావించెను. సముద్రపు కోపమువలన సర్వస్వము కోల్పోయిన వానికి రాజు అండగా నిలువవలెనను ధర్మము మన దేశమున ఎంత ప్రాచీనమైనదో ఈ శాసనము చాటుచున్నది. నేటి కాలమునకును ఈ ధర్మము వర్తించునా యను ప్రశ్నను వ్యాసము చివర పరిశీలింతము.

ఉప్పెనలు, రేవులు

నదులు మెల్లగా కట్టిన దానిని ఉప్పెనలు ఒక్క రాత్రిలో తారుమారు చేసిన సందర్భములును కలవు. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి బందరును ముంచిన ఉప్పెనలో సుమారు 30,000 మంది మరణించిరి. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనను చూచినవారు నేటికిని మన నడుమ నున్నారు. గోదావరి మొగవద్ద ఓడల నిర్మాణమునకు పేరుపొందిన కోరంగి 1789 డిసెంబరులో ఒకసారి, 1839 నవంబరులో మరియొకసారి ఉప్పెన వాత బడెను. 1789లో మూడు మహాకెరటములు వరుసగా వచ్చెనని హెన్రీ పిడింగ్టన్ వ్రాసెను. ఈ పిడింగ్టన్ మహాశయుడే 1848లో ప్రకటించిన తన గ్రంథమున ఇట్టి గాలివానలకు సైక్లోను అను పేరు పెట్టెను. నేడు ప్రపంచమంతయు వాడు ఆ మాట పుట్టుటకు కోరంగి విషాదము వంటి సంఘటనల పరిశీలనయే ఆధారమైనది.

కోరంగి క్షీణించుటకు ఉప్పెనలు మాత్రమే కారణములు కావు. గోదావరి ఒండ్రు రేవును క్రమముగా పూడ్చివైచెను. అదే కాలమున గోదావరి మొగకు ఉత్తరముగా ఒక ఇసుక నాలుక సముద్రములో పెరుగసాగెను. అదియే నేటి హోప్ దీవి. సుమారు 16 కిలోమీటర్ల పొడవున అది కాకినాడ సముద్రమునకు అడ్డుగోడవలె నిలిచి, లోపల ఓడలకు నిలుకడ నీటిని కల్పించినది. ఈ నాలుక పెరుగుటకు గల కారణములపై ఆంధ్ర విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు సి. మహదేవన్, ఆర్. ప్రసాదరావు గారలు 1958లో ఒక పరిశోధన ప్రకటించిరి. కోరంగికి పోయిన వర్తకము కాకినాడకు వచ్చుటలో ఈ ఇసుకకు కల పాత్ర సామాన్యమైనది కాదు. ఒక ఊరిని ఇసుక మూసినది; మరియొక ఊరిని ఇసుకయే తెరచినది.

ఇసుక చేయు ప్రయాణము

ఇక ఈ ఇసుక ఎటనుండి ఎటు పోవును? మన తీరమున మార్చి మొదలు అక్టోబరు వరకు కెరటములు దక్షిణపు దిక్కునుండి ఏటవాలుగా వచ్చి ఒడ్డును తాకును. అప్పుడు ఇసుక ఒడ్డు వెంబడి ఉత్తరమునకు నడచును. నవంబరు మొదలు ఫిబ్రవరి వరకు ఈశాన్యపు గాలుల కాలమున అది కొంత దక్షిణమునకు మరలును. ఏడాది మొత్తము మీద చూడగా ఉత్తరమునకు పోవునదే అధికము. ఏటేట లక్షల టన్నుల ఇసుక ఇట్లు మన ముంగిటి మీదుగా బాటసారివలె సాగిపోవుచుండును. ఈ బాటసారికి అడ్డు తగిలినచో ఏమగునో మొదట మద్రాసులో లోకమునకు తెలిసినది.

మద్రాసులో 1876లో రేవు నిర్మాణము మొదలైనది. అంతకు ముందు ఓడలు దూరమున నిలువగా, మసూలా పడవలపై కెరటములను దాటి సరకులు దింపెడివారు. సముద్రములోనికి రెండు రాతి చేతులను చాచి నడుమ నిలుకడ నీటిని కల్పింపవలెనని ఇంజనీర్ల సంకల్పము. 1881 నవంబరు తుఫానులో ఆ కట్టడము చాలవరకు పాడయ్యెను. మరల కట్టిరి. కట్టగా దక్షిణపు చేతివద్ద ఉత్తరమునకు పోవు ఇసుక ఆగి మేటవేసెను. నేడు లక్షలాది జనులు విహరించు మెరీనా ఇసుకతీరము అంత విశాలమగుట ఆ మేటవలననే. ఉత్తరమున రాయపురము వైపునకు చేరవలసిన ఇసుక చేరలేదు. అచ్చట సముద్రము వీథులను, ఇండ్లను కోసివేసినది. తూర్పున నున్న రేవు ద్వారము సైతము పూడిపోవుచుండుటచే, ఇరువదవ శతాబ్దపు తొలి దశకములలో సర్ ఫ్రాన్సిస్ స్ప్రింగ్ ఆధ్వర్యమున దానిని మూసి ఈశాన్యమున వేరొక ద్వారము తెరచిరి. దక్షిణమున ఎంత లాభమో ఉత్తరమున అంత నష్టము. ఇసుక ఖాతాలో ఒకరి జమ ఇంకొకరి ఖర్చని మద్రాసు తీరము నేర్పిన మొదటి పాఠము.

విశాఖపట్టణపు రేవు 1933లో ప్రారంభమైనప్పుడు ఈ పాఠము ఇంజనీర్లకు తెలిసియే యున్నది. ద్వారమును కాపాడుటకు రెండు పాత ఓడలను సముద్రములో ముంచి అడ్డుగా నిలిపిరి; అడ్డువద్ద చేరు ఇసుకను డ్రెడ్జరుతో తవ్వి ఉత్తరపు ఒడ్డునకు చేర్చు ఏర్పాటు గావించిరి. 1970 దశకములో వెలుపలి రేవు కట్టిన పిమ్మట ఈ పని మరింత అవసరమైనది. విశాఖ నగరపు ఇసుకతీరము కోతకు గురియగునప్పుడెల్ల రేవునుండి తవ్విన ఇసుకను అచ్చట పోయుచున్నారు. ఒక మహానగరమునకు ఈ సౌకర్యము కలదు. చిన్న పల్లెలకు ఇసుక తెచ్చి పోయువారెవరు?

ఒండ్రు తగ్గిన నదులు

తీరపు ఖాతాలో ప్రధానమైన ఆదాయము నదులు తెచ్చు ఒండ్రు. సర్ ఆర్థర్ కాటన్ 1847 నుండి 1852 వరకు ధవళేశ్వరమువద్ద ఆనకట్టను నిర్మించెను. కృష్ణపై విజయవాడ ఆనకట్ట 1855లో పూర్తియైనది. ఇవి ఎత్తు తక్కువగల కట్టలు. వరదకాలమున నీటితోపాటు ఒండ్రు కూడ వీటిపై నుండి పొరలి సముద్రమును చేరెడిది. ఇరువదవ శతాబ్దపు ఉత్తరార్ధమున రెండు నదుల పరీవాహ ప్రాంతములందు పెద్ద జలాశయములు వెలసినవి. కృష్ణపై నాగార్జునసాగరమునకు 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగి, 1967లో కాలువలకు నీరు విడిచిరి. అటుపిమ్మట శ్రీశైలము వచ్చినది. జలాశయములో ప్రవేశించిన నది వేగము కోల్పోవును. వేగము కోల్పోయిన నీరు తన మోతను అచ్చటనే దించివేయును.

ఆంధ్ర విశ్వవిద్యాలయ పరిశోధకులు 2010లో ప్రకటించిన లెక్కల ప్రకారము, గోదావరి 1970 మొదలు 1979 వరకు సగటున ఏడాదికి సుమారు 15 కోట్ల టన్నుల ఒండ్రును మోసినది. 2000 మొదలు 2006 వరకు అది సుమారు 5 కోట్ల 70 లక్షల టన్నులకు తగ్గెను. కృష్ణలో 1960 దశకపు చివర ఏడాదికి సుమారు 90 లక్షల టన్నులుండగా, 2000 తరువాత 4 లక్షల టన్నులకు పడిపోయెను. 1965 నుండి 2008 వరకు 43 సంవత్సరములలో ఈ రెండు డెల్టాల 336 కిలోమీటర్ల తీరమున మేటలు పోగా నికరముగా 76 చదరపు కిలోమీటర్ల నేల సముద్రము పాలైనది. 1990కి పూర్వము ఏడాదికి చదరపు కిలోమీటరున్నర కంటె తక్కువగా నున్న నష్టము, ఆ తరువాత రెండు చదరపు కిలోమీటర్లను మించినది.

76ను 336 చేత భాగించినచో సగటున తీరము సుమారు 226 మీటర్లు వెనుకకు జరిగినదని తేలును. దానిని 43 సంవత్సరములకు పంచినచో ఏడాదికి 5 మీటర్లకు పైగా వచ్చును. పైన జ్ఞప్తియందుంచుకొన వలసినదని చెప్పిన అంకెతో దీనిని పోల్చి చూడుడు. ఆరువేల సంవత్సరములుగా ఏ వేగమున నదులు నేలను కట్టినవో, ఇంచుమించు అదే వేగమున నేడు సముద్రము దానిని తిరిగి తీసికొనుచున్నది. ఇది సగటు మాత్రమే. కొన్నిచోట్ల నేటికిని మేట వేయుచున్నది. కొన్నిచోట్ల కోత ఇంతకంటె అనేక రెట్లు కలదు.

దీనిని చెప్పుటలో జలాశయములను నిందించు తలంపు లేదు. లక్షల ఎకరములకు నీరిచ్చి కోట్ల జనులకు అన్నము పెట్టిన కట్టడములవి. కాని ప్రతి మహాకార్యమునకు ఒక వ్యయము కలదు. ఆ వ్యయమును నదీతీరమున లాభము పొందినవారు గాక సముద్రతీరమున నున్న పల్లెవారు చెల్లించుచున్నారన్న సంగతిని మరువరాదు.

ఉప్పాడ

ఈ వ్యయమునకు అందరెరిగిన ఉదాహరణము కాకినాడకు ఉత్తరమున నున్న ఉప్పాడ. జాందానీ నేతచీరలకు దేశమంతట పేరుగన్న ఊరు అది. 2009లో ఆ చీరకు భౌగోళిక గుర్తింపు లభించినది. నేతగాండ్రును మత్స్యకారులును నివసించు ఉప్పాడ, సుబ్బంపేట, కోనపాపపేట గ్రామముల ఒడ్డును సముద్రము ఏటేట కోయుచున్నది. కాకినాడ నుండి ఉప్పాడకు పోవు తీరపు బాట తుఫాను వచ్చినప్పుడెల్ల తెగుచున్నది. ఇండ్లు కూలిన కుటుంబములు వెనుకకు జరిగి మరల ఇల్లు కట్టుకొనుటయు, సముద్రము అచ్చటికిని వచ్చుటయు జరుగుచున్నవి.

కారణము పైన చెప్పిన ఇసుక ప్రయాణములోనే కలదు. ఉత్తరమునకు పోవలసిన గోదావరి ఇసుకలో చాలభాగము హోప్ దీవి కొనవద్ద నిలిచిపోవుచున్నది. ఆ దీవి చాటున నున్న కాకినాడకు నిలుకడ నీరు దొరికినది; ఆ చాటు ముగిసినచోట నున్న ఉప్పాడపై కెరటముల బలము కేంద్రీకరించుచున్నది. 1990 దశకములో కాకినాడ లోతునీటి రేవునకు కట్టిన అడ్డుకట్టలును ఇసుక దారిని మార్చినవి. రాళ్ళు పోసిరి, గట్టి వస్త్రపు గొట్టములలో ఇసుక నింపి అడ్డువేసిరి. అవియును దెబ్బతిన్నవి.

లెక్కకట్టు విధము

రేపటి ఒడ్డు ఎచ్చట నుండునో ముందుగా చెప్పుట సాధ్యమా? గత డెబ్బది సంవత్సరములుగా శాస్త్రజ్ఞులు ఈ ప్రశ్నకు సమాధానము వెదకుచున్నారు. వారి పద్ధతులు మూడు విధములు.

మొదటిది గతమునుబట్టి భవిష్యత్తును ఊహించుట. పాత సర్వే పటములు, విమానము నుండి తీసిన ఛాయాచిత్రములు, 1972 నుండి లభించు లాండ్‌శాట్ ఉపగ్రహ చిత్రములు, 1988లో మన దేశము పంపిన ఐ.ఆర్.ఎస్. ఉపగ్రహము మొదలుకొని లభించు చిత్రములు, వీటిలోని తీరరేఖలను ఒకదానిపై నొకటి పరచి, నడుమ దూరమును సంవత్సరములచేత భాగింతురు. చెన్నైలోని జాతీయ తీర పరిశోధన కేంద్రము ఈ విధముగనే 1990 నుండి 2018 వరకు భారతతీరమును పరిశీలించి, అందు 33.6 శాతము కోతకు లోనగుచున్నదనియు, 26.9 శాతము మేట వేయుచున్నదనియు, మిగిలినది నిలుకడగా నున్నదనియు తేల్చినది.

ఇందొక చిక్కు కలదు. తీరము సంవత్సరములో కూడ ముందు వెనుకలకు ఊగుచుండును. 1952లో ఆంధ్ర విశ్వవిద్యాలయమునకు వచ్చిన అమెరికా సముద్ర శాస్త్రజ్ఞుడు యూజీన్ లాఫాండ్, ప్రసాదరావు గారితో కలసి వాల్తేరు ఇసుకతీరమును ఋతువుల వెంట కొలిచి, కోత మేటల చక్రమును గూర్చి 1954లో ప్రకటించెను. ఒక పటము కోత కాలమున, ఇంకొకటి మేట కాలమున తీసినవైనచో వాని నడుమ తేడా నిజమైన మార్పు కాకపోవచ్చును. అందువలన దీర్ఘకాలపు కొలతలు అవసరమైనవి.

రెండవది ఇసుక ఖాతా పద్ధతి. 1956లో ఫ్రెంచి ఇంజనీరు పెల్నార్ కోన్సిదేర్ తీరమును ఒక్క గీతగా భావించి, కెరటములు దానిని తాకు కోణమునుబట్టి ఇసుక నడక మారునను సూత్రముపై ఒక సమీకరణమును నిర్మించెను. ఇనుపకడ్డీలో వేడి వ్యాపించునట్లు తీరమున ఇసుక వ్యాపించునని ఆ సమీకరణము చెప్పును. తరువాతి కాలమున కంప్యూటర్లతో చేయు ఏకరేఖా నమూనాలకు ఇదియే మూలము.

దీని సారమును మన ఇంటి ఖాతావలె గ్రహింపవచ్చును. ఒక కిలోమీటరు పొడవు గల ఒడ్డును తీసికొందము. కెరటములచే కదలు ఇసుక మందము, ఒడ్డు పైభాగము నుండి సముద్రపు అడుగువరకు 10 మీటర్లనుకొందము. ఆ తునకలోనికి ఏడాదికి 4 లక్షల ఘనమీటర్ల ఇసుక వచ్చి, 5 లక్షల ఘనమీటర్లు వెలుపలికి పోయినచో లోటు లక్ష ఘనమీటర్లు. వేయి మీటర్ల పొడవును 10 మీటర్ల మందముచే గుణింపగా పదివేలు. లక్షను పదివేలచే భాగింపగా 10. అనగా ఒడ్డు ఆ ఏడు 10 మీటర్లు వెనుకకు జరుగును. తీరమంతటిని ఇట్టి తునకలుగా విభజించి, ఒక తునక ఖర్చు ప్రక్క తునక జమగా వ్రాయుచు, దినదినమునకు కెరటముల ఎత్తును దిక్కును చేర్చి కంప్యూటరు లెక్కించును. నమూనాను నమ్ముటకు ముందు దానికి పరీక్ష పెట్టుదురు. పాత కాలపు తీరమును ఇచ్చి నేటి తీరమును చెప్పుమందురు. ఆ జవాబు నిజముతో సరిపోలిన పిమ్మటనే రేపటి తీరమును అడుగుదురు.

మూడవది సముద్రమట్టపు పెరుగుదలను లెక్కలోనికి తెచ్చుట. డెన్మార్కు దేశస్థుడు పెర్ బ్రూన్ 1962లో ఒక సూత్రము ప్రకటించెను. సముద్రమట్టము పెరిగినచో ఒడ్డు తన వాలును నిలుపుకొనుటకు పైనున్న ఇసుకను అడుగునకు దించును. పెరిగిన ఎత్తునకు సుమారు 50 నుండి 100 రెట్ల దూరము వెనుకకు జరుగునని దాని భావము. 1901 నుండి 2018 వరకు ప్రపంచ సముద్రమట్టము సగటున 20 సెంటీమీటర్లు పెరిగినదని ఐక్యరాజ్యసమితి వాతావరణ నిపుణుల సంఘము 2021లో ప్రకటించినది. బ్రూన్ సూత్రము ప్రకారము ఇది 10 నుండి 20 మీటర్ల వెనుకంజకు సమానము. డెల్టాలలో నేల తానుగా కుంగుచుండుటచే ఈ ప్రభావము మరింత హెచ్చును.

లెక్కల హద్దులు

ఈ లెక్కలు వేదవాక్యములు కావు. బ్రూన్ సూత్రము ఇసుక రాకపోకలను విడిచి చెప్పినది గనుక నదీముఖములందు పొసగదని విమర్శ కలదు. ఏకరేఖా నమూనా ఒక్క తుఫాను ఒక్క రాత్రిలో చేయు కోతను సరిగా చెప్పలేదు. గతమునుబట్టి ఊహించు పద్ధతి, రేపు కొత్త రేవు కట్టినచో తలక్రిందులగును. ఇట్లని వీటిని త్రోసివేయుట తగదు. వైద్యుడు మరణదినమును చెప్పలేకపోయినను జ్వరము హెచ్చుచున్నదని చెప్పగలడు. ఆ మాట విని మందు పుచ్చుకొనుట బుద్ధిమంతుల లక్షణము.

ఈ లెక్కలు నేర్పిన నీతి యొకటి కలదు. ఒక ఊరి ముందు రాతిగోడ కట్టినచో ఆ ఊరు కొంతకాలము నిలుచును గాని, దానికి ఉత్తరపు ఊరికి పోవలసిన ఇసుక తగ్గి కోత అచ్చటికి జరుగును. రాయపురము కథ ప్రతి పల్లెలోను పునరావృతమగును. కావున ఒక్కొక్క ఊరు వేరువేరుగా గోడ అడుగుటకంటె, తీరమును నదీముఖము నుండి నదీముఖము వరకు ఒకే కుటుంబముగా భావించి ఏర్పాట్లు చేయుట మేలు. ఇసుకతిన్నెలను తవ్వకుండుట, మడ అడవులను నరకకుండుట, రేవులలో తవ్విన ఇసుకను దూరసముద్రమున పారబోయక ఒడ్డుకు చేర్చుట ఇందలి ముఖ్య సూత్రములు.

గ్రంథాలయము చేయదగిన పని

ఈ విషయమంతయు పండితుల వ్యవహారమని గ్రామస్థులు ఉపేక్షింపరాదు. 1991 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వము తీర నియంత్రణ ఉత్తర్వును వెలువరించి, పోటునీటి గీత నుండి 500 మీటర్లలోపల కట్టడములకు హద్దులు విధించినది. అటుతరువాత దానిని పలుమారులు సవరించిరి. ఆ గీత ఎచ్చట నున్నదను దానిపై మన ఇంటి అనుమతి ఆధారపడియున్నది. పదునైదవ ఆర్థిక సంఘము 2021 నుండి 2026 వరకు కాలమునకు, కోతను నివారించుటకు 1,500 కోట్ల రూపాయలను, కోతవలన నిర్వాసితులైనవారికి పునరావాసము కల్పించుటకు 1,000 కోట్ల రూపాయలను సిఫారసు చేసినది. గణపతిదేవుని ధర్మము మరియొక రూపమున మరల పలికినదనవచ్చును. కాని నిధినుండి సహాయము కోరువాడు తన నేల ఎప్పుడు, ఎంత పోయినదో చూపవలయును. పట్టా కాగితముపై ఎకరము మిగిలియుండును. ఆ ఎకరము మీద చేపలు తిరుగుచుండును. సాక్ష్యము లేని నష్టమునకు విలువ కట్టువారు లేరు.

సాక్ష్యమును భద్రపరచుట గ్రంథాలయపు పని. ఇందులకు గొప్ప యంత్రములు అక్కరలేదు. తీరగ్రామములోని ప్రతి గ్రంథాలయమును ఒక రిజిస్టరు తెరవవలయును. ధ్వజస్తంభము, బడిగోడ, నూతిపళ్ళెము వంటి కదలని గురుతులను మూడింటిని ఎన్నుకొని, వాటినుండి పోటునీరు చెత్తను విడిచిన గీత వరకు టేపుతో కొలవవలయును. ఏటా రెండుసార్లు, మే నెలలో ఒకసారి, జనవరిలో ఒకసారి, పౌర్ణమి మరునాడు కొలిచినచో ఋతువులవలన కలుగు భ్రమ తొలగును. తేదీ, గంట, కొలిచినవారి పేర్లు, ఆ ఏడు వచ్చిన తుఫానులు వ్రాయవలయును. ప్రతిసారి ఒకే చోట నిలిచి ఛాయాచిత్రము తీసి అంటింపవలయును. ఊరిలోని వృద్ధులను అడిగి, వారి చిన్నతనమున ఒడ్డు ఎచ్చట నుండెనో, ఏ తోట ఏ ఏట పోయెనో వారి మాటలలోనే వ్రాసికొనవలయును. ఆ జ్ఞాపకములు వారితోనే అంతరింపరాదు.

పైన వర్ణించిన నమూనాలన్నింటికి కొరతపడునది ఇట్టి కొలతలే. ఉపగ్రహము ఆకాశమునుండి చూచును గాని, ఆ దినమున పోటు ఎంతవరకు ఎక్కెనో ఒడ్డున నున్నవానికే తెలియును. ఏటికి రెండు కొలతల చొప్పున, రజతోత్సవము నుండి స్వర్ణోత్సవము వరకు ఏబది కొలతలగును. ఏబది కొలతలు గల గ్రామము అధికారులయెదుట నిలిచి మాటాడగలదు, శాస్త్రజ్ఞులకు సాయపడగలదు, తన బిడ్డలు ఇల్లు ఎచ్చట కట్టుకొనవలెనో తానే నిర్ణయించుకొనగలదు.

చెలియలికట్ట ఎన్నడును రాతితో కట్టినది కాదు. ఇసుకతో, ఒండ్రుతో, కెరటముతో ఏటేట క్రొత్తగా కట్టబడునది. దాని కదలికను గమనించి వ్రాసిపెట్టు బాధ్యతను గ్రంథాలయములు స్వీకరించినచో, అలమారలలోని గ్రంథములతోపాటు అవి నిలిచిన నేలకును కొంత రక్షణ కలుగును. ఈ కార్యమునకు గ్రామస్థులును, చందాదారులును, ముఖ్యముగా యువకులును పూనుకొందురు గాక యని కోరుచున్నాను.